గోలీ మీద జావ

శ్యామల తల నా కుడి భుజం మీద ఉంది. నిద్రపోతోంది. మధ్యాహ్నం మూడయింది, రక్తపరీక్ష రిపోర్టు నాలుగింటికి ఇస్తామన్నారు, అంటే ఈ గంటసేపూ నేను కదలకూడదు, కదిలితే పిల్ల లేస్తుంది, లేస్తే నా మొహం చూస్తుంది, నా మొహం ఇప్పుడు ఎవరూ చూడకపోవడమే మంచిది. ఐదో నెల కడుపుతో ఉన్న కోడలిని టేకులపల్లి నుంచి రెండు బస్సులు మారి ఖమ్మం తీసుకొచ్చాను. కొడుకు ప్రభుకు డ్యూటీ ఉంది, లేకపోయినా నేనే వస్తాననేదాన్ని, ఆస్పత్రి మాటలు వాడికేం తెలుసు, ముప్పై ఒక్క ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసిన ఈ విశ్రాంతమ్మకు తెలిసినట్టు. బయట మిర్చి సీజను. మార్కెట్ యార్డు ఎక్కడో దూరాన ఉన్నా ఊరంతా దగ్గుతోంది, ఈ హాల్లో ఆడవాళ్ళంతా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, కూలర్లో నీళ్ళు అయిపోయి వట్టి వేడిగాలి కొడుతోంది, అందరికీ చెమటలు. శ్యామల మాత్రం చున్నీ భుజాల చుట్టూ కప్పుకుంది. దాని చెయ్యి నా చేతిలో ఉంది, చల్లగా ఉంది, ఈ ఎండలో ఎవరి చెయ్యైనా ఇంత చల్లగా ఉంటుందా అని నేను మూడు నెలలుగా ఒక్కసారి కూడా అడగలేదు.

ఇదంతా ఆ తిరుమలాయపాలెం ఆవిడ వల్ల. పేరు నిర్మలాదేవి అని తనే చెప్పింది, అడక్కముందే. నా పక్కన కూర్చుని ఒక బత్తాయి ఒలిచి సగం నాకిచ్చి, నీ కోడలిది థైరాయిడా, నాదీ అదే, పన్నెండేళ్ళ నుంచి అంటూ మొదలుపెట్టింది. “పొద్దుగాల లేవంగనే గోలి ఏస్కుంట, గంటదాక వట్టి నీళ్ళే. మా తమ్ముని భార్య లేదూ, సన్నబడాలని గోలి మీద సోయా పాలు తాగేది. ఆరు నెల్లు గోలి పెంచుడే పెంచుడు. ఆఖరికి డాక్టర్ అన్నడు, నీ గోలి నీ సోయాలనే ఆగిపోతుందమ్మా, ఒంటికి యాడ పడుతుంది అని.” ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. అంతలో ఆమె టోకెన్ పిలిచారు, వెళ్ళిపోయింది, బత్తాయి తొక్కలు బెంచీ మీదే వదిలేసి. నా నోట్లో తొన ఇంకా ఉంది. మింగడానికి చాలాసేపు పట్టింది.

ఎవరో దారినపోయే మనిషి ఏదో అంటుంది, అది పట్టుకుని నేను వణకాలా? ఆమె ఏం చదువుకుందో ఏమో. నేను ట్రైనింగ్ అయినదాన్ని. నాకు ఇప్పటికీ గుర్తు, ఇల్లందులో ఆ ట్రైనింగ్, నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, హైదరాబాదు నుంచి వచ్చిన మేడం బల్ల మీద రెండు గిన్నెలు పెట్టింది, ఒకదాంట్లో మాంసం, ఒకదాంట్లో పసుప్పచ్చని సోయా గింజలు, దేంట్లో బలం ఎక్కువ అని అడిగింది. అందరం మాంసం గిన్నె చూపించాం. కాదు, దీంట్లో, రెండింతలు అంది ఆమె గింజలు గుప్పిట్లోకి తీసుకుని. ఆ గుప్పెడు గింజలు నా చేతిలో పోసింది, ఎందుకో నా చేతిలోనే, ముందు వరసలో కూర్చున్నాననో ఏమో. వాటిని నేను కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మాంసం కొనలేని ఊళ్ళకు మాంసం కంటే మంచిది దొరికిందని ఆ రాత్రి మా ఆయనకు చెప్పి చెప్పి విసిగించాను. తర్వాత ముప్పై ఏళ్ళు అదే పని. సెంటర్లో సోయా మీల్ మేకర్ నానబెట్టి పిండి కూర చేసి చూపించడం, బాలింతలకు చెప్పడం, ముసలివాళ్ళకు చెప్పడం, పెళ్ళిలో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పడం. మీల్ మేకర్ టీచరమ్మ అనేవాళ్ళు నన్ను. వెనక నవ్వేవాళ్ళు, తెలుసు. కానీ ఎముకల గూడులా వచ్చిన పిల్లలు నా చేతి కూర తిని బుగ్గలు తేలి బడికి వెళ్ళారు, అది కూడా అబద్ధం కాదు. నా కళ్ళతో చూశాను. ఒంటికి అంత మేలు చేసింది ఇప్పుడు ఒక్క గోలీని అడ్డుకుంటుందంటే నేను ఎట్లా నమ్మాలి?

నమ్మకపోతే రక్తపరీక్షలో ఆ థైరాయిడ్ అంకె ఎందుకు దిగదు మరి? నిరుడు వానాకాలంలో మూడో నెలలోనే పోయింది శ్యామల మొదటి కడుపు. అప్పుడే పరీక్షల్లో థైరాయిడ్ అని తేలింది, గోలీ రాశారు. మళ్ళీ నవంబరులో నిలిచింది. ఆ వారం ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో నేను లేచి నిలబడి అందరి ముందూ తీర్మానం చెప్పుకున్నాను, ప్రభువా, ఈ బిడ్డను మా చేతికి ఇచ్చేదాకా మా ఇంట్లో మాంసం గానీ చేప గానీ గుడ్డు గానీ వండము అని. పాస్టరమ్మ ఆమెన్ అంది, అందరూ ఆమెన్ అన్నారు. మా ఇంట్లో ఎట్లాగూ ఈస్టరు ముందు శ్రమ దినాలు నలభై రోజులూ మాంసం మానేస్తాం, అలవాటున్న ఇల్లే, తొమ్మిది నెలలు ఎంతసేపు అనుకున్నాను. మా ఇంట్లో అన్నాను. మేము అన్నాను. ఆ మేములో ఉన్న పిల్లను నేను అడగలేదు. శ్యామల అప్పుడు వెనక చాపలో కూర్చుని ఉంది. అడవి ఊరి పిల్ల, వాళ్ళ ఇంట్లో వాళ్ళ దేవతలు, వాళ్ళ పండుగలు, మా ప్రభును ఇష్టపడి చేసుకుంది, నాతోపాటు గుడికి వచ్చి పాటల పుస్తకం తెరుచుకుని పెదవులు కదుపుతూ కూర్చుంటుంది. నేను తీర్మానం చెబుతుంటే తల మీద కొంగు సర్దుకుంది. అంతే. ఇంటికొచ్చాక ప్రభు అడిగాడు, “మరి దాని ఒంటికి బలమెట్ల అమ్మా?” నేను నవ్వాను. ఎవరిని అడుగుతున్నావురా ఆ మాట!

ఆ మరుసటి రోజు నుంచే మొదలు. సోయా గింజలు దోరగా వేయించి, మర పట్టించి, డబ్బాలో పోసి పెట్టుకున్నాను. పొద్దున ఆ పిండితో జావ. మధ్యాహ్నం మీల్ మేకర్ కూర. రాత్రి రొట్టెల్లో మళ్ళీ ఆ పిండే. క్రిస్మస్‌కు కూడా మీల్ మేకర్ బిర్యానీయే చేశాను, ప్రభు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “దేవుడు పుట్టిన దినం గూడ ఇదేనా అమ్మా” అన్నాడు, శ్యామల కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. ఎంత బాగా నవ్విందో ఆ రోజు. గోలీ సంగతి నిజానికి డాక్టరమ్మ సరిగ్గానే చెప్పింది, పరగడుపున, నీళ్ళతో, గంటదాకా ఏమీ వద్దు. కానీ అవి మూడో నెల వాంతులు. నీళ్ళతో వేసుకున్న గోలీ నీళ్ళతోనే బయటికి వచ్చేది. రెండు రోజులు చూశాను, మూడో రోజు గోలీ నోట్లో పెట్టి వెంటనే జావ గ్లాసు అందించాను. నిలిచింది. ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. ఎంత సంబరపడ్డానో, నా తెలివికి నేనే మురిసిపోయాను. అప్పటి నుంచి రోజూ అంతే, గోలీ మీద జావ. డిసెంబరులో డోసు పెంచారు, జనవరిలో పెంచారు, ఫిబ్రవరిలో మళ్ళీ పెంచారు. డోసు పెరిగినప్పుడల్లా పిల్లకు ఇంకా బలం కావాలని నేను జావ చిక్కగా చేశాను. చిక్కగా చేశాను! ఈ మాట ఇప్పుడు నాకు నేనే చెప్పుకుంటుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

టీవీలో ఎవరో వంట చేస్తున్నారు, శబ్దం లేదు. ఎదురు బెంచీలో ఒక పిల్ల తల్లి ఫోను లాక్కుని ఏడుస్తోంది. శ్యామల కదిలింది, లేవలేదు, తల ఇంకొంచెం జారి నా మెడ దగ్గరికి వచ్చింది, కొబ్బరినూనె వాసన, పాపిట పక్కన జుట్టు పలచబడింది. కడుపుతో ఉంటే జుట్టు ఊడుతుందిలే అనుకున్నాను. మత్తుగా పడుకుంటే కడుపుతో ఉంటే నిద్ర వస్తుందిలే అన్నాను. మొహం ఉబ్బితే చూశారా ఎట్లా ఒళ్ళు చేసిందో, అంతా సోయా మహిమ అని పక్కింటి చిన్నక్కకు చూపించి మరీ చెప్పాను. చిన్నక్క పాపం రెండు దోసిళ్ళ పిండి అడిగి పట్టుకుపోయింది. ప్రతిదానికీ నా దగ్గర ఒక జవాబు ఉంది. జంపక్క దగ్గర మాత్రం జవాబు లేదు, ఒక ప్రశ్న ఉంది, అది కూడా నేను విననే లేదు.

జంపక్క, శ్యామల తల్లి. జనవరి చివర్లో వచ్చింది, అడవిలోంచి నాలుగు కిలోమీటర్లు నడిచి ఆటో ఎక్కి. బుట్టలో పది నాటుకోడి గుడ్లు, పాత చీర ముక్కలో మూటకట్టిన ఎండు చేపలు, వాగులో తనే పట్టి ఎండబెట్టినవి. మూట విప్పకముందే వాసన వచ్చింది, శ్యామల లోపలి నుంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది, నా మొహం చూసి గడప దగ్గర ఆగిపోయింది. నేను మర్యాదగానే చెప్పాను, వదినె, మా ఇంట్లో తీర్మానం ఉంది, అవి లోపలికి రాకూడదు అని. జంపక్క మూట వరండాలోనే పెట్టి కూతురి పక్కన కూర్చుంది. చాలాసేపు దాని చెయ్యి పట్టుకుని, ఆఖరుకు నాతో అంది, “వదినె, బిడ్డ చెయ్యి గింత సల్లగుందేంది? ఎండల కూసున్నా సలి అంటది. నీ పిండితోనే కడుపు నిండుతుంది గని, దానికి ఆకలి తీర్తలేదు.” నేను ఏమన్నాను? నీకు తెలియదులే వదినె, దీంట్లో మాంసం కంటే రెండింతల బలం ఉంది అన్నాను. అప్పటి మేడం చెప్పిన మాటే, గుప్పిట మూసి చూపించి మరీ. సాయంత్రం జంపక్క గుడ్లు, చేపలు మళ్ళీ బుట్టలో సర్దుకుని వెళ్ళిపోయింది. వచ్చినప్పుడున్న బరువుతోనే వెళ్ళింది. శ్యామల రోడ్డు మలుపు దాకా చూస్తూ నిలబడింది. నాకు ఆ రోజు ఒక్క క్షణం కూడా తప్పు చేశాననిపించలేదు, దేవుడికి మాటిచ్చి నిలబడ్డాననిపించింది.

ఇవన్నీ ఒక ఎత్తు, పన్నెండింటికి జరిగింది ఒక ఎత్తు. డాక్టరమ్మ పేరు మనోజ్ఞ, చిన్నదే, నా దగ్గర పలక పట్టిన పిల్లల వయసు ఉంటుంది. పాత కాగితాలన్నీ వరసగా పెట్టుకుని చూసి, శ్యామల వైపు తిరిగి, “మూడుసార్లు డోసు పెంచాను. రెండున్నర లోపు ఉండాల్సింది పోయినసారి ఎనిమిది వచ్చింది. గోలీ వేసుకుంటున్నావా, పారేస్తున్నావా? బిడ్డ మెదడు ఎదగాలంటే ఇది కావాలి, అర్థమవుతుందా?” అని గట్టిగానే అడిగింది. “ఏస్కుంటున్న మేడం” అంది శ్యామల తల వంచుకుని. “దేంతో? పాలా, కాఫీయా, టిఫినా?” శ్యామల నా వైపు చూసింది. నేను వెంటనే అన్నాను, మంచినీళ్ళతోనే మేడం, పరగడుపునే, నేనే దగ్గరుండి వేయిస్తాను. ఎందుకన్నాను? ఆ గదిలో ఇంకో ఇద్దరు పేషెంట్లు నిలబడి ఉన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళు గోలీ ఎట్లా వేసుకోవాలో ఊరికి చెప్పినదాన్ని, నన్ను ఒక చిన్న పిల్ల తప్పు పడుతుందేమోనని. అప్పటికి జావ ఏం చేస్తుందో నాకు తెలియదు, అందుకని అది అంత పెద్ద అబద్ధంగా కూడా అనిపించలేదు. ఇప్పుడు తెలిసింది. పారేస్తున్నావా అన్న మాట శ్యామల మీద పడింది, నా ముందే పడింది, అది తుడుచుకోకుండా అట్లాగే నిద్రపోతోంది నా భుజం మీద.

మూడు నలభై. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. రేపటి నుంచి జావ మానేస్తాను, డబ్బా ఖాళీ చేసి కడిగి బోర్లించేస్తాను, గోలీ నీళ్ళతో ఇస్తాను, అంకె దానంతటదే దిగుతుంది, ఎవరికీ తెలియదు, నా పేరు నాకు ఉంటుంది. అంతే కదా. కానీ ఇప్పుడు డాక్టరమ్మ మళ్ళీ డోసు పెంచుతుంది, జావ లేకుండా ఆ పెద్ద గోలీ అంతా ఒక్కసారి ఒంటికి పడితే? అది ఏం చేస్తుందో నాకు తెలియదు. నాకు తెలియదు అనే మాట నేను ఎన్నేళ్ళకు అనుకున్నానో. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి, వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను, ఈ నెలలన్నిట్లో లోపలున్న బిడ్డకు ఏం అందిందో, ఏం అందలేదో. ప్రభువా, బిడ్డను చేతికి ఇవ్వమని అడిగిన చేతులతోనే నేను... ప్రార్థన ముందుకు సాగడం లేదు. దేవుడికి ఏం చెప్పాలి, ఆయనకు అన్నీ తెలుసు. తెలియంది డాక్టరమ్మకు.

“టోకెన్ ముప్పై ఎనిమిది, శ్యామల!” అని పిలిచారు. పిల్ల ఉలిక్కిపడి లేచింది. “ఎంతసేపు పండుకున్న అత్తమ్మా? భుజం నొస్తుందా?” అంది కళ్ళు నులుముకుంటూ. లేదన్నాను. భుజం మొద్దుబారిపోయింది.

రిపోర్టు చూసి డాక్టరమ్మ పెన్ను తీసింది. పదకొండు అంది. ఆ అంకె విన్నాక నాకు గదిలో ఇంకేమీ వినపడలేదు. ఆమె రాయడం మొదలుపెట్టింది. ఈసారి కూడా తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు, ఒక నర్సు, కడుపుతో ఉన్న ఒకావిడ, ఆమె తల్లి. రాయకండి మేడం అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. “ఇందాక నేను చెప్పింది అబద్ధం. నీళ్ళతో కాదు. వాంతులకు గోలి నిలుస్తలేదని దాని మీద సోయా జావ ఇస్తున్న, మూడు నెలల నుంచి, రోజూ. పగలు మీల్ మేకర్, రాత్రి గూడ ఆ పిండే. బిడ్డ ఒక్క గోలి గూడ పారేయలేదు. తప్పు నాది.” పెన్ను ఆగింది. డాక్టరమ్మ నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. రాసిన గీత మీద అడ్డంగా ఇంకో గీత కొట్టింది. “సోయా విషం కాదమ్మా. ఏ జబ్బూ లేనివాళ్ళు వారంలో రెండుమూడు సార్లు తింటే ఏమీ కాదు. కానీ ఈ గోలీ మీద తాగితే మందును పేగుల్లోనే ఆపేస్తుంది, ఒంటికి పట్టనివ్వదు. అందులోనూ మీరు మూడు పూటలా పెట్టారు. నేను ఇంకా డోసు పెంచి, మీరు రేపు జావ మానేసి ఉంటే శ్యామలకు గుండెదడ పట్టుకునేది.” మరి లోపలున్న బిడ్డకు అని అడిగాను. ఆమె స్కానింగ్ కాగితం తిప్పి చూసింది. “ఎదుగుదల బాగానే ఉంది, గుండె బాగుంది. మిగతాది నేను మాటివ్వలేను. ఈ డోసే నీళ్ళతో వేయండి, నాలుగు వారాల తర్వాత మళ్ళీ చూద్దాం. గుడ్డు, చేప పెట్టండి.” తీర్మానం సంగతి చెప్పాను. “ఆ తీర్మానం ఎవరిది?” నాది అన్నాను. “అయితే మీరు మానండి” అంది.

తర్వాత శ్యామలను అడిగింది, “వాంతులు ఇంకా అవుతున్నాయా?” “లేదు మేడం, సంక్రాంతికే ఆగినయ్.” “మరి నీళ్ళతో వేసుకోవచ్చుగా, ఎందుకు చెప్పలేదు?” శ్యామల నా వైపు చూడలేదు, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అంది, “అత్తమ్మ నాలుగింటికే లేస్తది మేడం, పొయ్యికాడ కూసొని కలుపుతది. పోయినసారి కడుపు పోయినప్పుడు నాకంటె ఎక్కువ ఏడ్సింది. వద్దని ఎట్లంట?”

మెట్లు దిగేటప్పుడు నేను దాని చెయ్యి పట్టుకున్నాను, లేక అదే నా చెయ్యి పట్టుకుందో. కింద నీడలో ఆగి జంపక్కకు ఫోను చేశాను. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ రోడ్డు దాకా వస్తేనే, రెండుసార్లు మోగి ఆగిపోయింది, మూడోసారి ఎత్తింది. ఆమె రొప్పుతోంది. “వదినె, బిడ్డెట్లుంది? ఏమన్న అయిందా?” నేను ఫోను చెయ్యడమంటే ఆమెకు భయమే, ఈ మూడు నెలల్లో ఒక్కసారి కూడా చేయలేదు. బాగుంది, ఇద్దరూ బాగున్నారు అన్నాను. ఇంకా ఏదో చెప్పాలి, నువ్వు చెయ్యి పట్టుకుని చూసి చెప్పావు, నేను వినలేదు అని చెప్పాలి, నోటికి ఇదే వచ్చింది. “వదినె, ఎండు చేపలేమన్న ఉన్నయా నీ దగ్గర? రేపు పట్టుకొస్తవా? నేనే వండి పెడుత” అన్నాను.

“గవే ఉన్నయ్ వదినె, నువ్వు తిప్పి పంపినవే” అంది జంపక్క. “ఇంట్ల ఎవ్వల్ని ముట్టనియ్యలేదు. ఎప్పటికన్న అడుగుతవని ఉట్టి మీద పెట్టిన.”